గుండిగ దించేదాకా

నాకు ముక్కు మీద కోపమని మా అన్న నర్సింహులు ఊరంతా చెబుతాడు. నిజమే, కాదనను. కానీ ఎల్బీనగర్ చౌరస్తాలో మా ఫ్లైటు తప్పిపోయిన రోజు నాకు కోపమే రాలేదు. ఎందుకో చెబుతాను.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. మేము మస్కట్ నుంచి నెల సెలవు మీద వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో అన్న ఇంట్లో ఉండి, ఆ సాయంత్రం ఫ్లైటుకు తిరుగు ప్రయాణమయ్యాం. మా ఆయన జగన్ అక్కడ ఒక పెద్ద క్యాంటీన్‌లో వంటమాస్టర్. పదకొండేళ్లుగా అదే వంటగది. తొమ్మిదేళ్ల మా రమ్య పుట్టిందీ అక్కడే. సెలవుకు వచ్చిన ప్రతిసారీ ఇక్కడే ఉండిపోదామని నేను అడగడం, ఇంకొక్క ఏడాది అని ఆయన అనడం. అట్లా ఐదుసార్లు అయింది. ఆరోసారి అడిగి నోరు పారేసుకోవడం ఎందుకని ఈసారి ఊరుకున్నాను. పెట్టెలు సర్దేటప్పుడు మూతలు మాత్రం కొంచెం గట్టిగానే వేశాను.

అన్నకు చీరల దుకాణం. పోచంపల్లి నుంచి చీరలు తెచ్చే వ్యాన్‌లోనే మమ్మల్ని ఎక్కించుకుని బయలుదేరాడు. చైతన్యపురి దాటి చౌరస్తా చేరేసరికి రోడ్డు నిండా జనం. వంటావార్పు! బండ్లు ఆపి, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండుకుని, అందరూ అక్కడే కూర్చుని తినడం ఉద్యమంలో ఒక పద్ధతి. డప్పులు మోగుతున్నాయి. ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు. రమ్య ఆగుతుందా, మామను లాక్కుని అటే పరిగెత్తింది. నేను గడియారం చూసుకుంటున్నాను. మా ఆయన మాత్రం ముక్కు ఎగబీలుస్తున్నాడు.

"అన్నం అడుగంటుతున్నది" అన్నాడు.

చూస్తే, పట్టాభి అనే కాలేజీ సారు వందల మందికి అన్నం వండే పెద్ద గుండిగ ముందు నిలబడి, పెద్ద గరిటెను రెండు చేతులా పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. కింద మంట భగభగ. పాపం, చుట్టూ ఉన్నవాళ్లంతా పంతుళ్లు, వకీళ్లు. ఇంట్లో చాయ్ కూడా పెట్టుకున్న మొహాలు కావు. మా ఆయన రెండు నిమిషాలు ఓర్చుకున్నాడు. మూడో నిమిషంలో చేతి గడియారం విప్పి నా చేతిలో పెట్టి, జర చెప్పి వస్తనని దిగాడు. చెప్పి వస్తాడట! పొయ్యి ముందు నిలబడ్డాక ఆయన్ను కదిలించడం బ్రహ్మతరం కూడా కాదు.

ముందు మంట తగ్గించాడు. మాడిన అడుగు కదపకుండా పైఅన్నం తీయించాడు. అది సగం మందికి కూడా చాలదని తేలాక, ఇంకో గుండిగ ఎక్కించి కిచిడీకి ఎసరు పెట్టాడు. పట్టాభి సారు బుద్ధిమంతుడిలా ఉల్లిగడ్డలు కోయడానికి కూర్చున్నాడు.

అప్పుడు వచ్చాడు జంగయ్య. అక్కడ బండ్లు ఆపుతున్నవాళ్లలో పెద్దమనిషి ఆయనే. "చెల్లే, చిన్నపిల్లతోని ఉన్నరు, ఫ్లైటు ఉన్నదంట గద. మీకు తొవ్వ ఇడుస్తున్నం, పోండ్రి" అన్నాడు. నిజంగానే జనం పక్కకు జరిగారు. అప్పుడు కదిలితే ఫ్లైటు అందుతుంది.

ఆ మాట విన్నది నేనొక్కదాన్నే. నేను ఊరికే ఉంటే చాలు, ఫ్లైటు దానంతట అదే వెళ్లిపోతుంది. దొంగబుద్ధి పుట్టలేదంటే అబద్ధం. ఒక నిమిషం కదలకుండా నిలబడ్డాను కూడా. కానీ మోసం చేసి ఉంచుకుంటే రేపటి నుంచి ఆ మనిషి మొహం ఎట్లా చూడను? వెళ్లి చెప్పాను.

"తొవ్వ ఇడిసిండ్రు. ఇప్పుడు పోతే ఫ్లైటు దొరుకుతది."

ఆయన గరిటె ఆపలేదు. ఆయనకు పని నేర్పిన రామస్వామి మా ఊళ్ల వైపు పెళ్లిళ్లకు వండేవాడు. ఆ గురువుగారిది ఒకటే నియమం. గుండిగ ఎక్కించినవాడే దించాలి, నడుమ వదిలిపోతే ఆ అన్నం తిన్నవాళ్లకు అరగదు. రమ్య పుట్టిన రోజు కూడా ఈ మహానుభావుడు గుండిగ దించాకే దవాఖానకు వచ్చాడు. నేనది మరిచిపోలేదు, మరిచిపోను కూడా.

"ఎక్కిచ్చిన గద. దించకుండ ఎట్ల పోత?"

"దించేసరికి ఫ్లైటు పోతది."

"ఎరుకే" అన్నాడు.

ఆ ఒక్క మాట చాలు నాకు. జంగయ్య దగ్గరికి వెళ్లి మాకు దారి వద్దని చెప్పాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

గుండిగ దిగింది. బస్సులు తిరిగే రోడ్డు మీద విస్తళ్లు పరిచారు. మా ఆయనే బంతి వెంట నడుస్తూ వడ్డించాడు, వద్దన్నవాళ్లకు కూడా ఇంకో గరిటె వేశాడు. అండాలమ్మ అనే ముసలామె విస్తరి ఖాళీ చేసి, ఎంగిలి చేత్తోనే ఆయన్ను ఆపింది. "ఎవల కొడుకువు బిడ్డా? నీ కడుపు సల్లగుండ" అన్నది. ఆయన వాళ్ల నాయన పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. కళ్లు తుడుచుకుంటూ వచ్చి వ్యాన్ మెట్టు మీద నా పక్కన కూలబడ్డాడు. పొయ్యి పొగకు కళ్లు మండుతున్నాయన్నాడు. నేను నమ్మలేదు.

"ఆడ వంటగదికి, తినేటోళ్లకు నడుమ గోడ. పదకొండేండ్లల్ల ఒక్కడు తింటుంటె చూడలే ప్రసన్నా. ఎవల కొడుకువని అడిగినోడు లేడు."

నేను మాట్లాడకపోతే ఆయనకు భయం. అటు దూరంగా రమ్య వాళ్ల మామ చేత కూడా చప్పట్లు కొట్టించి ఆడిస్తోంది, మా అన్న సిగ్గుతో చచ్చిపోతున్నాడు. ఆయన కాసేపు వాళ్లనే చూసి, మెల్లగా నా వైపు తిరిగాడు.

"ఈడనే ఒక్క ఏడాది చూద్దమా?"

ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి నాకు. గడియారం ఆయన చేతికి కడుతూ చెప్పాను.

"చూద్దం. అది అయినంక ఇంకొక్క ఏడాది. నువ్వు మస్కట్ పోదమని అడిగినప్పుడల్లా నేను గూడ గట్లనే అంట."