మొదటి బిందె

బంగారు మోకాళ్లమీద కూర్చుని, నీళ్ల వాల్వు గుంట మూత పక్కకు లాగి, లోపలికి చెయ్యి పెట్టాడు. రెండు బొద్దింకలు చేతిమీదుగా పాకి రోడ్డెక్కాయి. ఆయన వాటిని పట్టించుకోలేదు. వాటికీ ఆయన అలవాటే. లేచి, భుజమెత్తు ఇనుప కీని వాల్వు తలమీద దించి, తిప్పడానికి ఒళ్లు బిగించాడు.

ఆ కీ మోసి మోసి ఆయన కుడి భుజం ఎడమదానికంటే కిందికి జారింది. కోయంబత్తూరులో ఈ వైపు వీధులన్నిటికీ శిరువాణి నది తియ్యటి నీళ్లు వదిలేది ఆయనే. వారానికోసారి. పెళ్లి పెట్టుకున్నవాళ్లు పురోహితుడికంటే ముందు ఆయన్ని అడిగి ముహూర్తం ఖాయం చేసుకుంటారు. ఆయన సైకిలు చప్పుడుకు కుక్కలైనా మొరగవు. ఊరి చివర సొంత ఇంట్లో మాత్రం భార్య జోతిమణి లారీ నీళ్లు కొంటుంది.

ఎవరికీ ఆయన పేరు అక్కర్లేదు. అందరికీ 'తణ్ణిక్కారరు', నీళ్లాయన. పేరుపెట్టి పిలిచేది ఈ వీధిలో తంగమ్మాళ్ అవ్వ ఒక్కతే.

"ఏమ్రా బంగారూ, కీ పట్టుకోని నిద్దరపోతా ఉండావా? తిప్పు!"

అవ్వ అరుగుమీద ఉంది. వీధి కుళాయి దగ్గర ప్లాస్టిక్ బిందెల వరస. అన్నిటికంటే ముందు, సరిగ్గా కుళాయి కింద, ఆమె సొట్టల ఇత్తడి బిందె. ఆ చోటు కోసం చీకటితోనే లేచి మోసుకొచ్చి పెట్టింది. ఈరోజు ఆమె భర్త తద్దినం.

"బోరు ఉప్పు నీళ్ల పాయసం పెడితే ఆ మానిసి కాకయి వచ్చి మూతి తిప్పుకోని పోతాడురా. ఉన్నన్నాళ్లూ అట్లే కదా!"

"కాకికి మినరల్ వాటర్ కొనిపెట్టు అవ్వా," అంది పక్కింటి లోకేశ్వరి.

"నీ మొగుడికి పెట్టు పో!"

బంగారు నవ్వుతూ కీ తిప్పబోయాడు. జేబులో ఫోను మోగింది. సూపర్‌వైజరు రాజ్‌మోహన్. ట్యాంకులో మట్టం తగ్గిందట. ఒక్క లైనే తెరవాలట. ముందు కల్యాణ మండపానికట. పైవాళ్ల మాటట.

ఆయన కీ పైకి లాగాడు. అవ్వ నవ్వు ఆగిపోయింది.

"ఏడికిరా?"

"మండపానికి అవ్వా. ఎండ ఎక్కకముందే వస్తా."

"అందాకా కాకి ఉంటాదా?"

"ఉంటాది. నీ బిందే ఫస్టు. నాది గ్యారంటీ."

అవ్వ రొమ్ము రాసుకుంటూ బిందెవైపు చూసింది.

వెళ్లి మండపం లైను తెరిచాడు. వాకిట్లో గొట్టం పట్టుకుని కార్లు కడుగుతున్నారు. మేనేజరు కాఫీ ఇప్పించాడు. ఒక గుక్క తాగాడు. తియ్యటి నీళ్ల కాఫీ. గోడమీద కాకి ఒకటే అరుపు. ఎండ అప్పుడే కారు అద్దాలమీదికి ఎక్కింది.

"చాలునా సార్?"

"సంపు సగం కూడా కాలేదయ్యా. నీకేమి తొందర?"

ఉద్యోగంలో చేరిననాటినుంచి పైవాళ్ల మాట కాదని ఆయన ఒక్క చుట్టు తిప్పి ఎరగడు. కాఫీ గ్లాసు మెట్టుమీద పెట్టాడు. తిన్నగా వెళ్లి వాల్వు మూసేశాడు. ఫోను మోగింది. మోగనిచ్చాడు. కీని సైకిలుకు కట్టి తొక్కాడు. మళ్లీ మోగింది. ఇంకా గట్టిగా తొక్కాడు.

వీధి మూలలో గుంట దగ్గర దిగి, ఒళ్లంతా పెట్టి తిప్పాడు. కుళాయి దగ్గింది. గాలి చీదింది. ఎర్రనీళ్లు కక్కి, తర్వాత తేటగా ధార కట్టింది.

"అవ్వా! వచ్చేసె చూడు! గ్యారంటీ అంటినా లేదా?"

నీళ్ల రోజున ఈ వీధి ఇంత నిశ్శబ్దంగా ఉండటం ఆయన ఎన్నడూ చూడలేదు. ఆడవాళ్లంతా కుళాయి వదిలి అరుగు చుట్టూ నిలబడ్డారు. అవ్వ స్తంభానికి ఆనుకుని కూర్చునే ఉంది, కుళాయివైపు ముఖం పెట్టి.

"కునుకుతా ఉందనుకుంటిమన్నా," అంది లోకేశ్వరి. "లేపితే లేవలా."

ఇత్తడి బిందె నిండింది. అంచు దాటి పొర్లింది. చెంబెడు నీళ్లకు జుట్లు పట్టుకునే వీధి అది. ఎవరూ ఆ బిందెను జరపలేదు.

మళ్లీ ఫోను. ఈసారి ఎత్తాడు. రేపు ఆఫీసుకొచ్చి సంజాయిషీ చెప్పుకోవాలట. "వస్తా సార్," అని జేబులో పెట్టుకుని, బిందె ఎత్తి ఆ జారిన భుజంమీద పెట్టుకున్నాడు.

"పాయసానికి అడిగె," అన్నాడు. "ఆఖరి స్నానానికన్నా కానీండి."

సాయంత్రం అవ్వను తీసుకుపోయారు. బంగారు గుంట మూత వేసి, సైకిలు తోసుకుంటూ కుళాయి దాటాడు. వెనకనుంచి ఎవరూ పేరుపెట్టి పిలవలేదు. నీళ్లు ఆగిపోయిన కుళాయి కింద, ప్లాస్టిక్ బిందెలన్నీ వెళ్లిపోయిన చోట, ఎవరో తోమి తెచ్చిన ఇత్తడి బిందె ఒక్కటే బోర్లించి ఉంది.