సింగారీ పాట

తొమ్మిది గజాల తలపాగాకి గంజి పెట్టాలంటే రెండు చేతులు చాలవు. ఒక కొస నేను పట్టుకుంటే రెండో కొస నా కూతురు నాజూ పట్టుకోవాలి. మధ్యలో గాలి వచ్చి తన వంతు తను లాగుతూనే ఉంటుంది. అలాంటివి ఆరు. ఈ ఏడు వానలు ముఖం చాటేశాయి, నేలతొట్టిలో నీళ్ళు మోకాలి లోతుకి దిగిపోయాయి. నేనూ నాజూ తలస్నానం మానుకుని ఆ నీళ్ళతో తలపాగాలు ఉతికాం. మా ఆయన ఈసబ్ ఖాన్ మంచం మీద కూర్చుని టీ తాగుతూ, "గంజి దిట్టంగా పెట్టకే, పోయినసారి నుదురంతా ఒరుసుకుపోయింది" అన్నాడు. ఒరుసుకుపోయిన నుదుటికి వారం రోజులు వెన్న రాసింది కూడా నేనే. ఆ సంగతి ఆయనకి గుర్తు లేదు.

ఎల్లుండి ఢిల్లీలో కచేరీ. ఆరుగురు మగవాళ్ళు వెళ్తారు. రైల్లోకి సజ్జరొట్టెలు, వెల్లుల్లి కారం, ఎండుకాయల కూర నేనే కట్టాలి. ఖర్తాల్ వాయించే కుర్రాడి అంగీకి బొత్తాం ఊడితే అది కూడా నా గుమ్మంలోకే వస్తుంది. "వదినా, నీ చేతి కుట్టు అయితే ఊడదు" అంటాడు. మెచ్చుకోలు మాటతో పని చేయించుకోవడం మా మగవాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య. పాట తర్వాత నేర్చుకుంటారు.

ఒక్కోసారి నాకు నవ్వొస్తుంది. పాటే వృత్తిగా బతికే మా మాంగణియార్ మగవాళ్ళు స్టేజీ ఎక్కి పాడేవాటిలో సగానికి సగం ఆడదాని పాటలే. ఒంటె ఎక్కి వెళ్ళిన మొగుడు ఇంకా రాలేదని, కాటుక కరిగిపోయిందని, ఇసుకలో నిలబడి దారి చూసి చూసి కాళ్ళు కాలాయని. మెలితిప్పిన మీసాలతో ఆరుగురు వరసగా కూర్చుని "నన్నొదిలి ఎలా ఉండగలిగావు" అని గుండె కరిగేలా పాడతారు. జనం కళ్ళు తుడుచుకుంటారట. అక్కడ ఆయన ఆడదై ఎదురుచూస్తాడు. ఇక్కడ నేను ఆయన కోసం ఎదురుచూస్తూ మేకల్ని కట్టేస్తాను, పాలు పితుకుతాను, పళ్ళు లేని మామగారికి రొట్టె మజ్జిగలో నానబెట్టి ఇస్తాను. నిజంగా ఎదురుచూసే మనిషిని ఒక్క ముక్క పాడమన్నవాళ్ళు లేరు.

అలాగని మేం పాడకుండా ఉండం. తరతరాలుగా మా పాట వింటూ మమ్మల్ని పోషించే ఠాకూర్లని మేం జజ్మాన్లంటాం. ఆ ఇళ్ళలో పురుడొచ్చినా పెళ్ళొచ్చినా పిలుపు నాకే. చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలి వసారాలో నేల మీద కూర్చుని, ముసుగులోంచి పాడతాను. "ఖేతూ పాడుతుంటే నొప్పులు పడే పిల్ల కూడా కాసేపు అరుపు ఆపి వింటుంది" అంటుంది పెద్ద ఠకురాణి. ఆ గొంతు ఆ వసారా దాటకూడదు. దాటితే మా మామగారు హాకం ఖాన్ పరువు పోతుంది. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు, ఆయన వినేలా నేను ఒక్క మాట కూడా పెదవి దాటనివ్వలేదు, ఇక పాట సంగతి చెప్పేదేముంది. ఆయనకి ఏదైనా చెప్పాలంటే, మనిషి ఎదురుగా ఉన్నా సరే, నాజూతో చెప్పిస్తాను. బతికున్నన్నాళ్ళూ మా అత్త ఒకటే అనేది, "కోడలి గొంతు కుండలో నీళ్ళల్లే ఉండాలి, చప్పుడు బయటికి రాకూడదు" అని. ఆవిడ గొంతు మాత్రం నాలుగు దిబ్బల అవతలికి వినపడేది.

మా అమ్మ పేరు సింగారీ. బేర్లా ఊళ్ళో ఆమెకి నాలుగు మేకలూ ఒక పాటా ఉండేవి. పాట ఆమె సొంతంగా కట్టిందే. మా నాన్న కాలవ పనికని వెళ్ళి రెండేళ్ళు తిరిగి రాని రోజుల్లో కట్టింది.

ఇసుకా ఇసుకా, ఆయన అడుగులు చెరపకే,
గాలి వీస్తే నా కొంగు కప్పుతానే.

అలాంటివి నాలుగు చరణాలు. పెళ్ళయిన మొదటి ఏడు ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆయన చెవి దగ్గర నాలుగూ పాడాను. అడక్కుండానే ఇచ్చాను. కొత్త పెళ్ళికూతురికి ఇవ్వడమే సంతోషం. "నా బంగారు తల్లివి కదూ, ఇంకొక్కసారి" అంటూ నాలుగుసార్లు పాడించుకున్నాడు. మర్నాడు పొద్దున నేను పిండి విసురుతుంటే బయట ఆయన కమాయిచా తీగల మీద కమాను లాగుతూ అదే వరస పాడటం వినిపించింది. తిరగలి ఆపేసి విన్నాను. పాట ఎత్తుకుపోయినవాడి గొంతు అంత బాగుండకూడదు. నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి, అప్పుడు సంతోషంతోనే. ఆ పాటే ఆయన్ని ఊళ్ళు దాటించి, దేశాలు దాటించి, ఈసబ్ ఖాన్ అంటే తెలియనివాళ్ళు లేకుండా చేసింది.

దానికి ఐదో చరణం ఉందని నాకు అప్పటికి తెలియదు. నాజూని కనడానికి పుట్టింటికి వెళ్ళినప్పుడు, పురిటి మంచం పక్కన కూర్చుని అమ్మ చెప్పింది.

తిరిగి చూస్తే, ఆయన అడుగుల చుట్టూ నా అడుగులే.
నా అడుగుల మీద కొంగు కప్పేదెవరే, ఇసుకా?

"ఇది ఎవరికీ ఇవ్వకు. పాడాలనిపించిన రోజు నువ్వే పాడుకో" అంది. ఆ వానాకాలం వెళ్ళకుండానే అమ్మ పోయింది. ఆమె పోయాక బేర్లా వెళ్ళాలంటే నాకు కారణం లేకుండా పోయింది. అమ్మ మీద బెంగ పుట్టినప్పుడల్లా ఆ రెండు ముక్కలూ గొంతు దాకా వచ్చేవి. గొంతు విప్పి, ఆకాశం కింద నిలబడి, ఒక్కసారి పాడాలని ప్రాణం కొట్టుకునేది. మేకల దొడ్లోనో, దిబ్బ వెనకో నిలబడి పెదవులు మాత్రం కదిపి మింగేసేదాన్ని. పదిహేనేళ్ళు మింగాను.

పోయిన ఏడు ఆ పాట సీడీగా వచ్చింది. అట్ట మీద ఆయన బొమ్మ, లోపల చిన్న పుస్తకం. "మీ అమ్మ పాటని చెప్తాలేవే, చెప్పకుండా ఎక్కడికి పోతాను" అని ఆయన ఎన్నిసార్లన్నాడో. నాకు చదువు రాదు. నాజూ తొమ్మిదో తరగతి. పిండి చేతులతోనే దాని ముందు కూర్చుని చదవమన్నాను.

"'ఈ పాట ఈసబ్ ఖాన్ వంశంలో ఏడు తరాలుగా వస్తున్నది. తండ్రి హాకం ఖాన్ వద్ద ఆయన దీన్ని నేర్చుకున్నారు.'"

"ఇంకా?"

"అంతే అమ్మా."

"చివర్లో చూడవే."

"చివర్లో ధర ఉందమ్మా."

ఆయన్ని అడిగాను. "వాళ్ళేదో రాసుకున్నారు, నన్నేం చేయమంటావు? అయినా ఇంట్లో పాటేగా. మన మధ్య నీదీ నాదీ ఏంటే?" అన్నాడు. నీదీ నాదీ లేదనే మాట ఎప్పుడూ తీసుకున్నవాళ్ళే అంటారు. అలిగి రెండు రోజులు మాట్లాడలేదు నేను. మాట్లాడటం లేదని ఆయన గమనించలేదు.

ఐదో చరణం బయటపడింది నాజూ వల్ల. నా పెదవులు చూసి చూసి ఎప్పుడు పట్టేసిందో, మొన్న మేకలకి నీళ్ళు పెడుతూ కూనిరాగం తీసింది. పళ్ళెం దగ్గర కూర్చున్న మా ఆయన చెయ్యి నోటి దాకా వచ్చి ఆగిపోయింది. "ఇదెక్కడిదే? ఇది ఆ పాట వరసే కదూ?" ఆ రోజు మొదలు నా వెంట పడ్డాడు. బతిమాలాడు. కాళ్ళు పట్టుకుంటానన్నాడు. ఢిల్లీలో ఆల్బం వాళ్ళు కొత్త చరణం ఉందంటే ఎగిరి గంతేశారట, కచేరీ మర్నాడే రికార్డింగట. "నాకు గుర్తు లేదు" అంటూ వచ్చాను.

గంజి పెట్టిన ఆ పొద్దునే ఢిల్లీ నుంచి ఫోన్ వచ్చింది. అందరూ వినేలా పెట్టాడు, పెద్దవాళ్ళ ఫోన్ వస్తే అలాగే పెడతాడు. అవతల ఒకామె, "ఈసబ్ గారూ, మీ ఇళ్ళలో పాడే ఆడవాళ్ళెవరైనా ఉంటే ఈసారి తీసుకురండి. వినాలని ఎంతమంది అడుగుతున్నారో" అంది.

"మా ఆడవాళ్ళు బయట పాడరు మేడమ్. సిగ్గు ఎక్కువ" అన్నాడు. అని నా వంక చూసి నవ్వాడు, ఏదో గండం తప్పించినట్టు. తడి తలపాగా కొస నా చేతిలో ఉంది. గుండె ఒక్కసారి ఎగిరి, ఆ జవాబుతో కిందపడింది. సిగ్గు నాదని ఆయనకి ఎవరు చెప్పారు?

ఫోన్ పెట్టేసి, దాన్ని అలాగే నా ముందు చాపాడు. తెర మీద రికార్డింగ్ ఎర్ర చుక్క వెలిగింది. మామగారు వేపనీడలో మంచం మీద పడుకుని ఉన్నారు.

"పాడవే. రెండు ముక్కలే కదా. మెల్లగా పాడు, నాన్నకి వినపడదులే."

నేను తల అడ్డంగా ఊపాను.

"నీ పట్టుదల నాకు అన్నం పెట్టదే. సరే, నువ్వు పాడకపోతే మానెయ్. నాజూ పాడుతుంది." పిల్ల వైపు తిరిగాడు. గొంతు తేనె చేసుకుని, "రా నాన్నా. నా బంగారు తల్లివి కదూ, ఒక్కసారి పాడు" అన్నాడు.

ఆ గొంతు నాకు తెలుసు. పంతొమ్మిదేళ్ళ కిందట నా చెవి దగ్గర వినపడిన గొంతే. నాజూ ముఖం విప్పారింది. తండ్రి అడిగితే ఏ పిల్ల ఇవ్వదు? అది ఊపిరి తీసుకుంది. నేను దాని మణికట్టు పట్టుకున్నాను.

మాలో ఒక పద్ధతి ఉంది. జజ్మాను అవమానిస్తే మేం కొట్లాటకి పోం, పంచాయతీకి పోం. కమాయిచా తీగలు విప్పి ఆ ఇంటి గడప ముందు పాతి వచ్చేస్తాం. ఇక ఆ ఇంట్లో మాంగణియార్ ఎవడూ పాడడు. బిడ్డ పుట్టినా పాట ఉండదు, పెళ్ళి జరిగినా వాళ్ళ వంశంలో పేర్లు చదివేవాడు ఉండడు. ఎంత పెద్ద ఠాకూరైనా దానికి జడుస్తాడు. మా తాత ఒకసారి పాతితే ఆ ఠాకూరు కొడుకు మూడేళ్ళకి వచ్చి తన చేతులతో తవ్వి తీసి బతిమాలుకున్నాడు. ఆడది పాతినట్టు నేనెక్కడా వినలేదు. కమాయిచాని మమ్మల్ని ముట్టుకోనివ్వరు, ఇక పాతడానికి మాకేముంటుంది?

తీగల్ని మాత్రం ముట్టుకోనిస్తారు. మేక పేగులు కడిగి, గీకి, వాసన భరించి, పేని ఎండబెట్టే పని నాదే కాబట్టి. లోపలికి వెళ్ళి, ఢిల్లీ కోసం నెల రోజులుగా పేనిన మూడు కొత్త తీగలూ తెచ్చాను. మా ఇంటి గడప ముందే కూర్చుని ఇసుక తోడటం మొదలుపెట్టాను.

ఆయనకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు. "పిచ్చి గానీ పట్టిందా? నేను నీ జజ్మానునా ఏంటే?"

"పంతొమ్మిదేళ్ళుగా ఈ ఇంటికి పాట ఇచ్చాను. పాట తీసుకున్న ఇల్లు జజ్మానుదే" అన్నాను. మామగారు లేచి కూర్చోవడం ముసుగులోంచి కనపడింది. గొంతు తగ్గించలేదు. "ఠాకూర్ల పదిహేడు తరాల పేర్లు ఒక్క తడబాటు లేకుండా చెప్తారు మీరు. పేర్లు చెప్పి బతికే జాతి మనది. మా అమ్మ పేరు ఒక్కచోట చెప్పడానికి మీకు నోరు రాలేదా?"

తీగలు గుంటలో పెట్టి ఇసుక కప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. వంగి తవ్వబోయాడు.

"ముట్టుకోకు" అన్నారు మామగారు. కర్ర పట్టుకుని గుంట దాకా వచ్చి, దాన్ని దాటకుండా ఆగారు. "పాతిన తీగలు అలా తీయకూడదు, తెలియదా నీకు? ఆ పాట నీకు నేను నేర్పలేదురా. పుస్తకంలో నా పేరు వేస్తే నవ్వుకుని ఊరుకున్నాను, ఆ తప్పు నాది. ఎవరిదా పాట? పేరు చెప్పి క్షమించమని అడుగు."

"మా అత్తది."

"అత్త అనేది పేరా? పేరు చెప్పమంటున్నాను."

ఆయన నాజూ వైపు చూశాడు. అది తల దించుకుంది. అప్పుడు నాకు తెలిసింది, ఆయన దాచలేదు. ఆయనకి తెలియనే తెలియదు. బతికున్నప్పుడు 'మీ అమ్మ' అన్నాడు, పోయినప్పుడు 'మీ అమ్మ' అన్నాడు, ఆమె పాట పాడి ప్రపంచమంతా తిరిగాడు.

"మీ అమ్మ పేరేంటి ఖేతూ?" అన్నాడు, చాలా మెల్లగా.

ఆ ఒక్క ప్రశ్న కోసం ఇన్నేళ్ళూ ఎదురుచూశానని అప్పుడు అర్థమైంది. మొన్న అడిగి ఉంటే, నిన్న అడిగి ఉంటే, పేరుతో పాటు ఐదో చరణం కూడా ఆయన ఒళ్ళో పోసి ఏడ్చేదాన్ని. ఇప్పుడు కూడా పేరు నాలుక మీదకి వచ్చింది. ఆయన చేతిలో ఫోన్ మీద ఎర్ర చుక్క ఇంకా వెలుగుతూనే ఉంది.

"మీకు చెప్పను" అన్నాను. "ఢిల్లీ మేడమ్‌కి ఫోన్ చేసి ఆడ గొంతు ఒకటి వస్తోందని చెప్పండి. మా అమ్మ పేరు అక్కడ మైకులో నేనే చెప్తాను, ఐదు చరణాలూ నేనే పాడతాను. మీరు వెనక కూర్చుని, పాత తీగలతో వాయిద్దురుగాని."