నేల మీద ఒకరు

పొద్దున్నే ఫ్లోట్లలో నీళ్లు తోడడంతో నా రోజు మొదలవుతుంది. మా విమానానికి చక్రాలుండవు. కింద ఫ్లోట్లనే రెండు పొడుగాటి అల్యూమినియం పడవలుంటాయి, వాటి మీదే సరస్సులో దిగుతుంది. రాత్రంతా వాటిలోకి నీళ్లు ఊరుతూనే ఉంటాయి. చేతిపంపు పెట్టి లాగెయ్యకపోతే విమానం బరువెక్కి పైకి లేవనని మొండికేస్తుంది. మంచుకొండలు చూద్దామని అలాస్కాలో ఈ మారుమూలకి వచ్చే టూరిస్టులు గాల్లోకి లేస్తున్నారంటే అది ముందు నా నడుము పుణ్యం, ఆ తర్వాతే మా ఆయన రాస్కో నైపుణ్యం. ఈ మాట నేనెప్పుడూ పైకి అనలేదు.

నీళ్లు తోడాక అద్దాలు తుడవాలి, కాఫీ కాచాలి, సాల్మన్ శాండ్‌విచ్‌లు చుట్టాలి, వచ్చినవాళ్లని నొచ్చుకోకుండా తూకం మీద నిలబెట్టాలి. వాళ్లు తిరిగొచ్చాక ఎవరైనా సీట్లో వాంతి చేసుకుంటే అది కడగాలి. మధ్యలో విమానం గాల్లో ఉన్నంతసేపూ రేడియో దగ్గర చెవి అప్పగించి కూర్చోవాలి. రేవు దగ్గర బోర్డు మీద ‘మా కుటుంబం నడిపే విమానం’ అని రాసి ఉంటుంది. పక్కనున్న ఫొటోలో రాస్కో, విమానం ఉంటారు.

మొన్న ఒక టూరిస్టావిడ చెక్కవంతెన మీద నిలబడి నన్ను అడిగింది, “మీరూ నడుపుతారా?” అని. నేను నోరు తెరిచేలోపే రాస్కో సంచులు సర్దుతూ అన్నాడు. “మా కొరీన్ నడపడమా? తను నేల మీద మనిషండీ. ఏదో సాయం చేస్తూ ఉంటుంది.” అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వడం కూడా నా పనుల్లో ఒకటి.

నాకు లైసెన్సు ఉంది. మేమిద్దరం కలిసిందే విమానం నేర్చుకునే చోట. నీళ్ల మీద అతనికన్నా నేనే మెత్తగా దించుతానని మాకు నేర్పినాయన అనేవాడు. మా అమ్మాయి జూనీ పుట్టాక మా అత్తగారు ఒపల్ ఒక నియమం పెట్టారు. బిడ్డ పెద్దదయ్యేదాకా ఇద్దరూ ఒకే విమానం ఎక్కకూడదు, ఒకరు నేల మీద ఉండాలి. ఆవిడ చెల్లెలూ మరిదీ ఒకే విమానంలో వెళ్లి తిరిగి రాలేదు. వాళ్ల పిల్లల్ని ఈవిడే పెంచింది. అలాంటి మనిషి మాటకి ఎదురు చెప్పేదెవరు? నేను నేల మీద ఉండిపోయాను. లైసెన్సు మురిగిపోకుండా అప్పుడప్పుడూ సరస్సు అవతలి ఒడ్డున ఉండే పాత పైలట్ దగ్గరికి వెళ్లి కాసేపు ఎగిరొస్తుంటాను. “అవసరమేముంది, నేనున్నాగా” అంటాడు రాస్కో.

అలాగని అతను చెడ్డవాడేం కాదు. ఆ విమానం మీద కూడా నాకు కోపం లేదు. పొద్దున తీసుకెళ్లిన మనిషిని సాయంత్రానికి తెచ్చి అప్పజెప్పింది, ఇన్నేళ్లలో ఒక్కరోజూ తప్పలేదు. నీళ్లు తోడేటప్పుడు దాని రెక్కని ఒకసారి నిమిరి థాంక్స్ చెప్పుకుంటాను.

ఆ టూరిస్టావిడని తీసుకెళ్లిన రోజే కొండల మధ్య కనుమ మీద మబ్బు మూసుకుపోయింది. రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. నేను పిలుస్తున్నాను, జవాబు లేదు. అత్తయ్య నా పక్కనే కూర్చుని బంగాళదుంపలు చెక్కు తీస్తున్నారు. ఒక్కదుంపనే తీస్తున్నారు, అది గోలీకాయంత అయ్యేదాకా. చివరికి రోజూ వినే ఆ గొంతే వినబడింది. “వచ్చేస్తున్నా. భోజనం ఏముంది?”

“చేపల సూపు” అన్నాను. మైకుని మాత్రం గట్టిగా పట్టుకునే ఉన్నాను. అది అతనికి కనపడదు.

అత్తయ్య కత్తి పక్కన పెట్టారు. “అమ్మాయ్, జూనీ పుట్టినప్పుడు నేనేమన్నాను?”

“ఇద్దరూ ఒకే విమానం ఎక్కొద్దన్నారు అత్తయ్యా. ఒకరు నేల మీద ఉండాలన్నారు.”

“ఎవరుండాలో చెప్పానా?”

రేడియో చప్పుడు తగ్గించి ఆవిడ వైపు తిరిగాను.

“నేను చెప్పలేదే! వాడు అడగలేదు, నువ్వూ అడగలేదు. మీ మావయ్య ఎగురుతున్న రోజుల్లో ఈ కుర్చీలో నేను కూర్చున్నా. నేనూ ఎవర్నీ అడగలేదు.” చెక్కులు ఒక పక్కకి నెట్టి అన్నారు, “పై సరస్సు దగ్గర బ్లూబెర్రీలు పండుంటాయి. మా చెల్లి గుడిసె అక్కడే. అది పోయాక నేను విమానం ఎక్కలేదు. రేపు తీసుకెళ్తావా?”

“రాస్కోని అడిగితే...”

“వాడెప్పట్నించో రమ్మంటూనే ఉన్నాడు. వెళ్లేదాన్నయితే ఎప్పుడో వెళ్లేదాన్ని. నేను అడుగుతోంది నిన్ను.”

ఆవిడ చేతులు పట్టుకుని కూర్చున్నాను. నన్నెవరైనా ఇంత పెద్ద సాయం అడిగి ఎన్నాళ్లయిందో! నాకు ఏడుపొచ్చింది.

భోజనాల దగ్గర చెప్పాను. “రేపు అత్తయ్యని నేను తీసుకెళ్తున్నా.”

రాస్కో గరిటె ఆపాడు. “నువ్వా? మరి రేడియో దగ్గరెవరుంటారు?”

“నువ్వు.”

అతను వాళ్లమ్మ వైపు చూశాడు. “ఉప్పిటివ్వరా” అన్నారావిడ.

తెల్లారి నేను ఇంజను చూస్తుంటే రాస్కో చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. “నేల మీదున్నవాళ్లే నీళ్లు తోడాలి” అన్నాను.

“పంపెక్కడుంటుంది?” అన్నాడు.

“నాకు తెలుసు నాన్నా!” అంటూ జూనీ పరిగెత్తి తెచ్చింది. ఎలా పెట్టాలో కూడా అదే చూపించింది. నాకు కోపం రాలేదు. విమానం రెక్క పట్టుకుని పడీ పడీ నవ్వాను.

విమానం నీళ్లు వదిలి లేచినప్పుడు అత్తయ్య కళ్లు గట్టిగా మూసుకున్నారు. పై సరస్సులో దించాక తెరిచి, “అయిపోయిందా? ఇంతేనా?” అన్నారు. గుడిసె గడప మీద చాలాసేపు కూర్చున్నారు. తర్వాత ఇద్దరం మూతులు నీలంగా అయ్యేదాకా పళ్లు తిని, బకెట్ నింపుకుని బయల్దేరాం. ఈసారి ఆవిడ కిటికీకి ముఖం ఆనించి కూర్చున్నారు. పక్క సీట్లో ఆవిడ, కింద సరస్సులు, నా చేతుల కింద విమానం. ఎవరికి రుణపడ్డానో లెక్క తేలలేదు, అందరికీ రుణపడ్డాననిపించింది.

కనుమ దాటుతుంటే రేడియో గరగరలాడింది. “కొరీన్? వినపడుతోందా? ఎక్కడున్నావ్?” నేను జవాబిచ్చేలోపే మళ్లీ, “కొరీన్?”

ఆ గొంతులోని కంగారు నాకు తెలుసు. ఇన్నేళ్లూ అది నాది. మైకుని ఎంత గట్టిగా పట్టుకుని ఉంటాడో కూడా తెలుసు. నాకోసం నేల మీద ఒకరున్నారు. గుండె నిండిపోయింది. అత్తయ్య నావైపు చూసి తలూపారు. మీట నొక్కాను.

“వచ్చేస్తున్నా” అన్నాను. “భోజనం ఏముంది?”