మొదట పెనుకొండ

ప్రమీల ల్యాప్‌టాప్ తెరిచిన ప్రతిసారీ అది నెట్ కోసం మొదట పెనుకొండనే వెదికేది. ధర్మవరంలో కూర్చుని తెరిచినా అంతే. నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు ఆగి ఆగి కదిలేవి. అక్కడ ఎవరూ పలకరని తేలాకే అది ధర్మవరం వైపు తిరిగేది.

అలా ఏర్పాటు చేసింది కళావతి. ఆమె, ప్రమీల కలిసి పెనుకొండ స్టేషన్ వెనక వీధిలో, కళావతి ఇంటి ముందుగదిలో పట్టుచీరల అంచులకు కంప్యూటర్‌మీద డిజైన్లు గీసేవాళ్ళు. కంప్యూటర్‌ను నడిపే లైనక్స్ నేర్చుకున్నదీ, ఇంట్లో వైర్‌లెస్ నెట్ పెట్టించిందీ కళావతే. వీధిలో వాళ్ళు వాడేసుకుంటారని దాని పేరు బయటికి కనపడకుండా దాచింది. దాచిన పేరు దానంతటది తెరమీదికి రాదు. ల్యాప్‌టాపే ఆ పేరు పెట్టి పిలవాలి. ఆ పేరేమో కళావతి మేకది, చెంగి.

రెండువేల తొమ్మిది వేసవిలో కళావతి భర్తకు బదిలీ అయింది. "పొయ్యే ముందు చెప్తాలే" అన్న మనిషి చెప్పకుండానే వెళ్ళిపోయింది. ప్రమీల వెళ్ళేసరికి తలుపుకు తాళం, మేకను కట్టేసే గుంజ మాత్రమే మిగిలాయి. ఫోన్ నంబరు కూడా మారింది.

అప్పటినుంచి ప్రమీల హిందూపురంలో రైలెక్కి ధర్మవరం వచ్చి, హనుమంతరాయుడి మగ్గాల షెడ్డు పక్కగదిలో ఒక్కతే గీస్తోంది.

ఆ రోజు అంచు డిజైన్ మెయిల్‌లో వెళ్ళాలి. ల్యాప్‌టాప్ పెనుకొండను వెదుకుతూనే ఉంది. హనుమంతరాయుడు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమమ్మా, నీ పెట్టె ఇంకా నిద్ర లేయలేదా? రోజూ ఇదే కతైతే ఇంకొకరిని చూసుకుంటా. తప్పుగా అనుకోవద్దు."

ప్రమీల వెంటనే కంప్యూటర్లు బాగుచేసే కిషోర్‌ను పిలిపించింది. అతను తెర చూసి నవ్వాడు.

"ఇదేందక్కా, ధర్మవరంలో కూచోని పెనుకొండను పిలుస్తాండాది? ఎవరు రాసిచ్చినారు నీకీ ఫైలు?"

"తెలిసినామె."

"దీన్ని తీసేద్దాం. ఇప్పుడు నెట్‌కు కలిపే మంచి ప్రోగ్రాములు రెండుండాయి. నెట్‌వర్క్ మేనేజర్, విక్డ్. మొదటిది పెడితే తెర మూలలో చిన్న బొమ్మ వస్తాది. నువ్వు లోపలికి పోయి పాస్‌వర్డ్ చెప్పినంక కలుస్తాది. విక్డ్ అయితే మిషన్ లేస్తానే కలుస్తాది. నీకేది కావాల?"

"దాచిన పేర్లుంటే?"

"మొదటిది గుర్తు పెట్టుకుంటాది. విక్డ్‌లో ప్రతిసారీ నువ్వే టైపు చేసి వెదకాల. అయినా నీకు యాడుండాదక్కా దాచిన నెట్టు?"

ప్రమీల తెరవైపు చూసింది. గుర్తుపెట్టుకునే పెట్టె మళ్ళీ రోజూ పిలుస్తుందేమో. పలికేవాళ్ళు లేరని రోజూ దాని ముందు కూర్చుని తెలుసుకోవాలి. గుమ్మంలో హనుమంతరాయుడు ఇంకా నిలబడే ఉన్నాడు.

"విక్డ్ పెట్టప్పా."

"పాతది తీసేద్దునా?"

"తీసెయ్" అంది ప్రమీల, గోడవైపు చూస్తూ.

మళ్ళీ తెరవగానే నేరుగా ధర్మవరానికి కలిసింది. డిజైన్ వెళ్ళిపోయింది. "ఇట్లుండాల!" అని హనుమంతరాయుడు చేతులు దులుపుకుని షెడ్డులోకి పోయాడు. ఇకనుంచి ఈ పెట్టె పెనుకొండ ఊసెత్తదు. అనుకున్నంత హాయిగా లేదు ప్రమీలకు.

సాయంత్రం ప్యాసింజర్ పెనుకొండలో ఆగింది. ప్రమీల ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని తెరిచింది. దాచిన పేరు వెదికే గడిలో ఒక్కొక్క అక్షరమే కొట్టింది, చెంగి అని. ఎదురు సీటులో శనక్కాయలు ఒలుచుకుంటున్న ముసలామె చూస్తూ ఉంది.

"ఏం రాస్తాండావమ్మా?"

"రాయడం ల్యా అవ్వా. పిలుస్తాండా."

"ఎవుర్ని?"

తెరమీద ఏ పేరూ రాలేదు. రైలు కూత వేసి కదిలింది. స్టేషన్ వెనక వీధి ఇంకా కనపడుతూనే ఉంది. ప్రమీల ఆ పేరు ఇంకోసారి కొట్టింది.