పనిబల్లకు ఆ చివర

తమ్ముడిదేం పోయింది, సుద్దముక్కతో ఒక గీత గీసి చక్కా పోయాడు. షెడ్డు నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, అడ్డంగా, తెల్లగా. "ఈ గీత వరకు నా కారు, అన్నయ్యా. సరిగ్గా పదమూడు అడుగులు. వెనకంతా నీదే" అన్నాడు, దానం చేస్తున్నవాడిలా. వెనకంతా అంటే ఎంత? ఏడు అడుగులు. నాన్న కట్టిన ఇరవై అడుగుల షెడ్డులో పెద్దవాడికి ఏడు, చిన్నవాడికి పదమూడు. నోరున్నవాడి వాటా ఎప్పుడూ పెద్దదే.

పొద్దున ఆరింటికి మరమేకు ఆ గీత మీద నిలబడి ఊడుస్తున్నాడు. నాలుగుసార్లు చీపురు లాగాడు. గీత చెరగలేదు.

మరమేకు అతని అసలు పేరేం కాదు. దారిలో మరమేకు పడి ఉంటే వంగి ఏరుకోకుండా ముందుకు పోడు. పైగా ఒకచోట నిలవడు, తిరుగుతూనే ఉంటాడు. పంపుల ఫ్యాక్టరీలో తోటివాళ్లు పెట్టిన పేరది. ఫ్యాక్టరీ మూతపడింది, పేరు మాత్రం వెంట వచ్చింది. పదిహేనేళ్లుగా ఈ షెడ్డులోనే నీళ్ల మోటార్లూ ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసి ఇల్లు నడుపుతున్నాడు. ఇది పోతే రెండు చేతులూ ఉండి లేనట్టే.

సాయంత్రం అయిదింటికి కారొస్తుంది. ఈలోగా ఇరవై అడుగుల సామాను ఏడు అడుగుల్లో ఇమడాలి.

పదిహేను రోజుల కిందట తమ్ముడు కొలతల టేపు అడగడానికి వచ్చినప్పుడే అనుమానించాల్సింది. ఆ వేళ మరమేకు ఒక మోటారు విప్పి మోచేతుల దాకా గ్రీజులో ఉన్నాడు. తమ్ముడు నెత్తిన నిలబడి గొణుగుతుంటే, తల తిప్పకుండా చేతికందిన టేపు వాడి వైపు తోసి, "పట్టుకుపో, ముందు వెలుతురుకి అడ్డం లే" అన్నాడు. పీక్కి తాడు కావాలంటే తనే తెచ్చి ఇచ్చినట్టయింది.

"నేల అరుగుతుందిరా, అల్లుడూ. ఇక చాలు" అన్నాడు మామయ్య.

మామయ్య అమ్మకు తమ్ముడు. రెండు వీధుల అవతల ఒక గదిలో ఒంటరిగా ఉంటాడు. పొద్దున్నే వచ్చి పనిబల్ల చివర, గుమ్మం వైపు, తన ముక్కాలిపీట మీద కూర్చుంటాడు. కుడిచేతి చూపుడువేలికి పైకణుపు లేదు, చెవి మీద పెన్సిలు ముక్క మాత్రం ఎప్పుడూ ఉంటుంది. మరమేకు ఏడో తరగతితో బడి మానేసినప్పుడు ఇంట్లో అందరూ తిట్టారు, ఈయనొక్కడే చేతిలో ఆకురాయి పెట్టి ఇనుప ముక్క చూపించాడు. పనిబల్ల కూడా ఆయన చేసిందే. ఎనిమిది అడుగుల పొడవు, రెండుంపావు వెడల్పు, మూడంగుళాల మందం. మరమేకును నిలబెట్టి చేతులు వేలాడదీయించి, మణికట్టు ఎక్కడికొస్తే అక్కడికి కాళ్లు కోశాడు. "ఎవడి బల్ల వాడి మణికట్టు ఎత్తు ఉండాలి. లేకపోతే నలభై దాటగానే నడుం అప్పు అడుగుతుంది" అన్నాడు ఆ రోజు.

మరమేకు సామాను ఎత్తడం మొదలుపెట్టాడు. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. సానపట్టే మోటారు ఆ మూల పెట్టాడు, కాదని ఈ మూలకు లాగాడు, మళ్లీ ఆ మూలకు.

"దానికి నాలుగు చక్రాలు బిగించరా. పనున్నప్పుడు ముందుకు లాక్కో, లేనప్పుడు బల్ల కిందికి తోసెయ్" అన్నాడు మామయ్య. "బరువైనవన్నీ కింద. నెత్తి మీద ఇనుము పెట్టుకున్నవాడు నిద్రపోడు."

"నాకెలాగూ నిద్ర లేదులే మామయ్యా."

"మరమేకుల సీసాలు అలమార మీద పెట్టకు. మూతల్ని అలమార అడుగున బిగించి, సీసాలు కింద నుంచి తిప్పి వేలాడదియ్. ఏ సీసాలో ఏముందో కనిపిస్తుంది, బల్ల మీద జాగా ఖాళీ. దీపం ఎడమ పక్కకు మార్చు. కుడిచేత్తో పనిచేసేవాడికి కుడి పక్క దీపం పెడితే సొంత చెయ్యే నీడ."

అన్నీ పాత మాటలే. పదిహేనేళ్లుగా చెబుతున్నాడు, పదిహేనేళ్లుగా మరమేకు రేపు అంటున్నాడు. ఇప్పుడు మెడ మీద కత్తి పెడితే చేస్తున్నాడు. పదకొండు అయ్యేసరికి సీసాలు వేలాడాయి, దీపం ఎడమకు వచ్చింది, స్పానర్లన్నీ గోడకు కొట్టిన చెక్క మీద వరసగా ఎక్కాయి, ఒక్కోదాని చుట్టూ పెన్సిలు గీతతో. ఏడు అడుగులు నిజంగానే ఏడు అడుగుల కన్నా పెద్దగా కనిపించాయి. అది అతనికి మరీ కోపం తెప్పించింది. ఈ పని ఇరవై అడుగులున్నప్పుడు చేసుంటే రాజులా బతికేవాడు.

మిగిలింది పనిబల్ల. వెనక గోడకు ఇంట్లోకి తలుపుంది కాబట్టి దాన్ని అడ్డంగా తిప్పడానికి లేదు. ఎడమ గోడ వెంబడి నిలువుగా ఉండాల్సిందే. అలా ఉంటే గీత దాటుతోంది.

మామయ్య మేకుకు వేలాడుతున్న తన టేపు తీసి, గీత నుంచి బల్ల చివర వరకు లాగి చదివాడు. "రెండు. ఒకటి తీసెయ్. అడుగు దాటింది."

ఆ టేపుకు మొదటి అడుగు లేదు. ఎప్పుడో లారీ తలుపులో పడి తెగిపోయింది. పన్నెండో అంగుళం నుంచే మొదలవుతుంది. కొత్తది కొనమంటే, "బడిలో తప్పాను గానీ తీసివేతలో తప్పలేదు" అనేవాడు. ఏది కొలిచినా ఒక అడుగు తీసేసి చెప్పడం ఆయనకు ఎంత అలవాటైపోయిందంటే, మామూలు మాటల్లో కూడా వచ్చేస్తుంది.

"ఎన్నో టీ మామయ్యగారూ ఇది?" అంది మరమేకు భార్య, గ్లాసు ఆయన ముందు పెడుతూ.

"మూడోది. ఒకటి తీసెయ్యమ్మా."

"తీసేస్తే మీ గుండె ఊరుకుంటుందా? డాక్టరు ఒక్కటే అన్నాడు."

"డాక్టరు టేపు వేరు, నా టేపు వేరు."

ఆమె నవ్వింది. మరమేకు నవ్వలేదు. బల్ల చుట్టూ తిరుగుతున్నాడు. "కొయ్యను మామయ్యా. వాడినే వచ్చి కోసుకోమను. అడుగు స్థలం కోసం వాడి కారేమైనా ఏడుస్తుందా?"

"కొయ్యి" అన్నాడు మామయ్య.

"నువ్వు చేసిన బల్ల."

"చేసినవాణ్ని నేనే చెబుతున్నా. ఇనుము బిగించే వైసున్న వైపు కాదు, ఈ వైపు కొయ్యి. ఈ చివర ఏనాడైనా పని జరిగిందా? నేను టీ తాగడం తప్ప." గ్లాసు ఎత్తి చూపించాడు. చెక్క మీద గుండ్రటి మరకలు, ఒకదాని మీద ఒకటి, లెక్కలేనన్ని, నల్లబడి గట్టిపడినవి. "అన్నదమ్ములు అడుగు కోసం మాట్లాడుకోవడం మానేస్తే, రేపు నేను పోతే మొయ్యడానికి ఒక పక్కే మనిషి ఉంటాడు. ఒంటి పక్క మోస్తే కింద పడిపోతాన్రా."

మరమేకు ఆ చివరి కాళ్లు ఊడదీసి, బల్ల కింద ఒక పెట్టె ఆనించాడు. రంపం తీశాడు.

"గీత మీద కాదు, గీతకు బయట పెట్టు. రంపం కూడా తింటుంది, దాని వాటా దానికి ఉంచు. ఆగు, ఈ చివర నేను పట్టుకుంటా. పట్టుకోకపోతే ఆఖర్న చీలుతుంది."

పీట దగ్గరికి లాక్కుని రెండు అరచేతులూ బల్ల అంచు కింద పెట్టాడు. మరమేకు కోశాడు. మూడంగుళాల మందం, గట్టి చెక్క. రంపం వేడెక్కింది, చొక్కా వీపుకు అతుక్కుంది. కోస్తున్నంతసేపూ తమ్ముణ్ని తిడుతూనే ఉన్నాడు. చిన్నప్పుడు వాడు విరగ్గొట్టిన సైకిలు దగ్గర మొదలుపెట్టి సుద్దగీత దాకా వచ్చాడు. మామయ్య మొదట్లో ఊఁ కొట్టాడు. ఆఖరి నాలుగు లాగుల దగ్గర, "మెల్లిగా, మెల్లిగా. ఇక్కడే అందరూ తొందరపడతారు" అన్నాడు.

ముక్క విడిపోయింది. చీలలేదు. దాని బరువంతా మామయ్య చేతుల్లోకి వచ్చింది, ఆయన మెల్లిగా ఒళ్లోకి దించుకున్నాడు.

మరమేకు వంగి బల్లకు కాళ్లు మళ్లీ ఎక్కడ పెట్టాలో చూస్తున్నాడు. "అంచుకు పెట్టనా, లోపలికి జరపనా మామయ్యా? అంచుకు పెడితే కాలు తగులుతుంది కదా? నాలుగు అంగుళాలు లోపలికి చాలా?" మరలు బిగించాడు. బల్లను ఊపి చూశాడు. కదల్లేదు. "చూడు, కొండలా ఉంది" అని తల తిప్పాడు.

మామయ్య గోడకు తల ఆనించి ఉన్నాడు. ఒళ్లో చెక్క. రెండు అరచేతులూ ఇంకా దాని కిందే ఉన్నాయి. చెవి మీది పెన్సిలు జారి భుజం మీద ఆగింది. పీట పక్కన గ్లాసులో సగం టీ.

డాక్టరు వచ్చి నాడి చూసి, గుండె అన్నాడు, చాలాసేపే అయిందన్నాడు. ఎంతసేపు అని ఎవరూ అడగలేదు. ముందు గదిలో పడుకోబెట్టారు.

అయిదింటికి తమ్ముడు కొత్త కారుతో వచ్చి, గుమ్మంలోనే సంగతి విని కారు నడివాకిట్లో వదిలేసి లోపలికి పరుగెత్తాడు. మామయ్య పాదాలు పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. జనం రావడం మొదలైంది. వాకిలికి కారు అడ్డం. ఎవరో అంటే, ముక్కు తుడుచుకుంటూ వెళ్లి దాన్ని షెడ్డులోకి పోనిచ్చాడు. మరమేకు లోపల నిలబడి చెయ్యి ఊపాడు. రా, రా, ఆగు. వెనక షట్టరు సరిగ్గా పడింది.

తమ్ముడు దిగి కారు ముక్కు దగ్గర నేల వైపు చూశాడు. "అదేంటి అన్నయ్యా, గీతకు ఇంకా అడుగు మిగిలింది."

మరమేకు ఆ అడుగు వైపు చూశాడు. "కారును దేనితో కొలిచావురా?"

"షోరూములో. నువ్విచ్చిన టేపుతోనే. ఆ ముందు భాగం లేని పాతది. కొనకు కొక్కెం లేక పట్టుకోవడం ఎంత కష్టమైందో."

"మరి ఈ గీత?"

"దాంతో విసిగి, తెచ్చి నీ మేకుకే తగిలించేసి కొత్తది కొన్నాను. ఇక్కడ కొత్తదాంతోనే కొలిచా. ఏం?"

ఆ వేళ మరమేకు తల తిప్పకుండా, చేతికందినదే ఇచ్చాడు. ఒక్క ముక్క, ఒకటి తీసెయ్‌రా అని, చెప్పలేదు.

"ఏం లేదు" అన్నాడు మరమేకు. "పద, మొయ్యాలి. నువ్వు ఆ పక్క పట్టుకో."

మర్నాడు పొద్దున షెడ్డు తెరిచి, ఊడవకుండా, మేకుకున్న టేపు తీసి, కోసిన బల్లముక్కను కొలిచాడు. రెండడుగులకు పావు అంగుళం తక్కువ చూపించింది. ఒకటి తీసేశాడు. మిగిలింది, రంపం తిన్నది పోను, పదకొండుంముప్పావు అంగుళాలు. కారుకూ గీతకూ మధ్య ఖాళీగా ఉన్న అడుగులో, ముక్కాలిపీట మీద, టీ మరకలు పైకి ఉండేలా దాన్ని పెట్టాడు. అన్నిటికన్నా పైనున్న మరక ఇంకా నల్లబడలేదు.