పరదేశి అన్న పేరు

శుభలేఖ చేతికి రాగానే అన్నమ్మ కళ్లజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. పెళ్లికూతురు ప్రీతి. పెళ్లికొడుకు యుగంధర్, ఆమె మనవడు. అంతవరకూ బాగానే ఉంది. దాని కింద 'శ్రీ ప్రదీప్ నాయుడు గారి కుమారుడు' అని ఉంది. మళ్లీ చదివింది. అక్షరాలు మారలేదు.

"ఒరే, ఈ పెదీపు ఎవుడ్రా?"

యుగంధర్ ఫోన్లోంచి తలెత్తలేదు. "నాన్నే."

"మీ నాన్న పేరు పరదేశి."

"అదే వద్దనుకున్నాను నాన్నమ్మా. ఈ రాయ్‌పూర్‌లో పరదేశీ అంటే బాహర్ కా ఆద్మీ, బయటివాడు. స్కూల్లో పన్నెండేళ్లు ఏడిపించారు, 'పరదేశీ కా బేటా, ఘర్ కబ్ జాయేగా', మీ ఊరెప్పుడు పోతావ్ అని. ప్రీతి వాళ్లది శంకర్ నగర్. చుట్టాలందరూ ఆఫీసర్లు. స్టేజీ మీద ఆ పేరు వింటే నవ్వుతారు."

అన్నమ్మకి ఒళ్లు మండింది. ఏరు దాటి తెప్ప తగలేసే రకం వీడు. ఆ పేరే లేకపోతే వీడి తండ్రి బతికేవాడు కాదు, వీడెక్కణ్ణించి ఊడిపడేవాడు?

ఆ పేరు ఆమె సరదాకి పెట్టలేదు. రైల్వే పనికి వచ్చిన మొగుడి వెంట శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి గుఢియారీ పేటలో కాపురం పెట్టాక, ముగ్గురు బిడ్డల్ని కన్నది. ముగ్గురూ పురిట్లోనే పోయారు. నాలుగోవాడు పుట్టగానే తమ ఊరి ఆనవాయితీ ప్రకారం వాణ్ణి చేటలో పెట్టి చెత్తకుప్ప మీద ఉంచింది. పక్కింటి ఊర్మిళ, ఆవిడది ఛత్తీస్‌గఢే, దారినపోయేదానిలా వచ్చి శేరు తవుడిచ్చి బిడ్డని కొనుక్కుంది. సాయంత్రం వాణ్ణే తీసుకొచ్చి "ఎవరో పరదేశి బిడ్డ, పెంచుకో" అని అన్నమ్మ ఒళ్లో పెట్టింది. వీడు ఈ ఇంటివాడు కాదనుకుని చావు గడప దగ్గర్నుంచే మళ్లిపోవాలని ఆ ఏర్పాటు. మళ్లిపోయింది కూడా. అయినా అయిదేళ్లు నిండేదాకా అన్నమ్మ నలుగురిలో వాణ్ణి 'నా కొడుకు' అనలేదు. నాలిక చివరిదాకా వచ్చిన మాటని మింగేసేది.

"ఆ పేరుకి నీకు సిగ్గేట్రా?" అంది. "ఈ గుఢియారీలో ముగ్గురు పరదేశులుండీవోరు. గేంగుమేను పరదేశి వానలో రైలు పట్టా ఇరిగిపోతే ఎర్రగుడ్డ అట్టుకుని ఎదురు పరిగెట్టి పేసింజరు ఆపేసినాడు. పయిల్వాను పరదేశి దంగల్‌కి దిగితే దుర్గు నుంచి జనం వచ్చీవోరు. సైకిలు షాపు పరదేశీరామ్ సాహు అయితే మనోడు కూడా కాదు. ఆడి తల్లికీ బిడ్డలు దక్కలేదు, ఆవిడా ఇదే పేరెట్టింది. ఆడి అన్నకైతే బిసాహు అనెట్టింది, ఈల బాసలో కొనుక్కున్నోడని. ఏ భాషైనా తల్లి ఏడుపు ఒకటేరా."

"గేంగుమేను, పయిల్వాను, సైకిలు షాపు. కలెక్టరెవడైనా ఉన్నాడా అందులో?"

చెంప పగలగొట్టాల్సిన మాట. ఆవిడ చెయ్యి లేచింది కూడా, కానీ వాడు ఆరడుగులున్నాడు.

డ్యూటీ దిగి ఇంటికొచ్చిన పరదేశి సంగతంతా విని, బూట్లు విప్పుకుంటూ "పోనీలేమ్మా, కార్డే కదా" అన్నాడు. యాభై ఏళ్లొచ్చినా వాడికి వచ్చిన మాట అదొక్కటే.

"నీదేం పోయింది, పోనిచ్చుకుంటావు! పెట్టినదాన్ని నాను. నాను పోనివ్వను."

కార్డులు మళ్లీ అచ్చు వేయిస్తేగానీ పెళ్లికి రానంది. "రాకపోతే మానెయ్" అన్నాడు మనవడు. ఆ మూడు వారాలూ ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరూ మాట్లాడుకోలేదు. వాడు హాల్లోకొస్తే ఆవిడ వంటింట్లోకి పోయేది. వాడి మంగళస్నానానికి నూనె కూడా అంటలేదు.

అయినా పెళ్లికి వెళ్లింది. రానన్నంత మాత్రాన వదిలేస్తుందనుకున్నవాడు వెర్రివాడు. ఊరవతల మందిర్ హసౌద్‌లో పెద్ద హాలు, నాలుగొందల మంది జనం. మొదటి వరసలో కూర్చుని చెవులు రిక్కించింది.

వధూవరుల మధ్య తెర పట్టారు. పంతులుగారు చీటీ చూస్తూ మైకులో ప్రవర మొదలుపెట్టారు. వరుడి ముత్తాత పేరు చదివారు, తాత పేరు చదివారు. "ప్రదీప్ నాయుడి కుమారుడు..."

"ఆగండి!" అన్నమ్మ లేచింది. "పెదీపెవుడు? నాకలాటి కొడుకు లేడు."

మైకు లేకపోయినా ఆ గొంతు హాలంతా వినిపించింది. ఆడపెళ్లివారు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. యుగంధర్ పళ్లు బిగించి "ఆవిడకి మతి సరిగ్గా లేదు. మీరు చదవండి పంతులుగారూ" అన్నాడు. ఎదురుగా ఉన్న మైకు ఆ మాటనీ పట్టుకుంది.

అప్పుడు స్టేజీ మీద కొడుకు పక్కన కూర్చున్న పరదేశి లేచాడు. భుజం మీద పట్టు కండువా తీసి, మడతపెట్టి, తను కూర్చున్న పీట మీద ఉంచాడు.

"ఆ ప్రదీప్ నాయుడు గారు ఎక్కడున్నారో కనుక్కుని ఇక్కడ కూర్చోబెట్టండి పంతులుగారూ. నేను పరదేశిని, బయటివాణ్ణి. నా కోసం మా అమ్మ మతి పోగొట్టుకుంటే పోగొట్టుకుంది, దాని మతి గురించి ఇక్కడెవరూ మాట్లాడక్కర్లేదు."

మెట్లు దిగి వచ్చి తల్లి పక్క కుర్చీలో కూర్చున్నాడు. అన్నమ్మ వాడి మోకాలు పట్టుకుంది. "నా కొడుకు" అంది పక్కావిడతో, అడక్కపోయినా.

పంతులుగారు గడియారం చూశారు. ముహూర్తానికి ఆరు నిమిషాలుంది. తెర అవతల్నుంచి ప్రీతి గొంతు చల్లగా వినిపించింది. "మీ నాన్నగారి అసలు పేరు నాక్కూడా చెప్పలేదేం?"

యుగంధర్ నుదుట బాసికం కింద చెమట కారుతోంది. పంతులుగారు మైకు వాడి మూతి దగ్గర పెట్టారు. "చెప్పు నాయనా. నీ తండ్రి పేరు?"

వాడు తల వంచుకుని, పెదాలు కదిలీ కదలకుండా అన్నాడు. "పరదేశి."

"ఇనపళ్లేదు!" అంది మొదటి వరసలోంచి అన్నమ్మ. "గట్టిగా సెప్పు."