బోణీ కాయ

ఎర్రయ్యకి ఒకరిని నమ్మడం చేతకాదు. కొత్తపేట పక్కన కొబ్బరి ఒలుపు జట్టుకి మేస్త్రీ అయినప్పటి నుంచి ఆ గుణం మరీ ముదిరింది. తలనొప్పి అన్నవాడి నోరు వాసన చూస్తాడు. అత్తగారికి బాగోలేదన్నవాడి అత్తగారికే ఫోన్ చేస్తాడు. అలాంటివాడు సొంత బావమరిదిని మాత్రం ఎందుకు వదులుతాడు?

ఆ బావమరిది శివశంకర్. జట్టులో బోణీ కాయ అతనిదే. పొద్దున్నే అందరికన్నా ముందు అతను ఒక కాయని గునపానికి గుచ్చి, ఒక్క ఊపులో పైనున్న పీచు డొక్క విడదీసి, రాయి మీద కొడితేనే తక్కినవాళ్ళు పనిలోకి దిగేవారు. అతని హస్తవాసి మీద జట్టంతటికీ అంత గురి.

దసరా వెళ్ళాక ఆ బోణీ చెడింది. గుచ్చిన కాయ చేతుల్లోంచి జారి దొర్లిపోయేది. రెండోదీ అంతే. "ఒంట్లో సత్తువ రావట్లేదు బావా," అనేవాడు శివశంకర్. కాసేపటికల్లా ఏమీ ఎరగనట్టు గబగబా ఒలిచేసేవాడు. అన్నం తిని లేచేసరికి కథ మళ్ళీ మొదటికొచ్చేది.

ఎర్రయ్యకి ఒళ్ళు మండింది. ఒంట్లో సత్తువ లేనివాడు పని చేసినకొద్దీ అలిసిపోవాలి గానీ బలం పుంజుకోవడం ఎక్కడైనా ఉందా? రావులపాలెం జట్టువాళ్ళు వీణ్ణి లాగుతున్నారనీ, పోయేముందు తన బోణీ చెడగొట్టి మరీ పోవాలని చూస్తున్నాడనీ తేల్చేసుకున్నాడు. "మా తమ్ముణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళవయ్యా," అని భార్య కుసుమ పోరుతుంటే, "మీ తమ్ముడికి కావలసింది డాక్టరు కాదు, సినిమాలో వేషం," అని కొట్టిపారేసేవాడు.

ఎండలు ముదిరాక ఒకరోజు డొక్కల గుట్ట వెనక నక్కి చూశాడు. శివశంకర్ ఒక్కడే నిలబడి పిడికిళ్ళు బిగిస్తున్నాడు, వదులుతున్నాడు, మళ్ళీ బిగిస్తున్నాడు. ఆ తరవాత వచ్చి కాయ అందుకుంటే అది జారలేదు. చేతుల్లో బలం ఉంచుకునే కాయలు జారవిడుస్తున్నాడు, దొంగ దొరికాడని ఎర్రయ్యకి కడుపు నిండిపోయింది. ఆ నటన సంగతి డాక్టరు నోటే చెప్పించి, జట్టులోంచి గెంటేయాలని మర్నాడే అమలాపురం తీసుకెళ్ళాడు.

నరాల డాక్టరు విజయదుర్గగారు తన వేళ్ళు పట్టుకుని నొక్కమన్నారు. శివశంకర్ పట్టు చంటిపిల్లాడి పట్టులా ఉంది. ఆపకుండా గట్టిగా నొక్కుతూ ఉండమన్నారు. కాసేపటికి ఆవిడ వేళ్ళు ఎర్రబడ్డాయి.

"చూసేరాండీ," అన్నాడు ఎర్రయ్య ఆపుకోలేక. "అదేనండీ నేను మొత్తుకునేది. అంతా నటనండీ."

డాక్టరుగారు నరాలకి కరెంటు పెట్టి చూసే పరీక్ష చేయించారు. రక్తం ఇచ్చి రమ్మని శివశంకర్‌ని బయటికి పంపి, ఎర్రయ్యని కూర్చోమన్నారు.

"నటన కాదండీ. నరం చివర కంటికి ఆననంత చిన్న సంచులుంటాయి. వాటిలో కండని కదిలించే రసాయనం ఉంటుంది. మెదడు నుంచి కబురు రాగానే నరం గోడలో తలుపులు తెరుచుకుని కాల్షియం లోపలికొస్తుంది. అప్పుడా సంచులు గోడకి అతుక్కుని రసాయనాన్ని బయటికి కుమ్మరిస్తాయి. ఖాళీ సంచుల్ని నరం మళ్ళీ లోపలికి లాక్కుని నింపుకుంటుంది."

"మేం లారీలో కాయలు పోసేసి, అవే గోనెలు తెచ్చుకుని నింపుకున్నట్టాండీ?"

"ఆయ్, అలాగే. మీ బావమరిదికి సంచులు నిండే ఉన్నాయి. తలుపులు చెడ్డాయి. అందుకే మొదటి ప్రయత్నానికి చాలా సంచులు విప్పుకోవు. వెంటవెంటనే ప్రయత్నిస్తే వచ్చిన కాస్త కాల్షియమే పోగుపడి, కాసేపు బలం వస్తుంది."

బోణీ కాయ ఎందుకు జారేదో ఎర్రయ్యకి అప్పుడు అర్థమైంది. 

"తలుపులు ఎవరు చెడగొట్టేరండీ?"

"అతని ఒంట్లో రోగాలతో పోరాడే కాపలావాళ్ళే. కొందరికి ఊపిరితిత్తుల్లో కేన్సరు గడ్డ పుడుతుంది. దాని మీదా ఇలాంటి తలుపులే ఉంటాయి. కాపలావాళ్ళు దాన్ని కొట్టబోయి, అదే పోలిక అని నరాల తలుపుల్నీ కొడతారు. బీడీ తాగుతాడా?"

"ఆయ్."

"ఛాతీ స్కాన్ తియ్యాలి. గడ్డ ఉందేమోనని నా అనుమానం. ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"దసరా నుంచండీ."

"అప్పుడే తీసుకురావలసిందండీ," అన్నారావిడ మెల్లిగా.

ఎర్రయ్యకి తన మీద తనకే అసహ్యం వేసింది. బయటికొచ్చేసరికి శివశంకర్ బెంచీ మీంచి లేవబోయి, లేవలేక కూలబడ్డాడు.

"కంగారుపడకు నాయనా. నన్ను పట్టుకుని నెమ్మదిగా లే," అన్నాడు ఎర్రయ్య వంగి.

శివశంకర్ కదల్లేదు. బావ నోట అంత మెత్తని మాట అతనెప్పుడూ వినలేదు. ఎర్రయ్య మొహంలోకి అనుమానంగా చూశాడు.

"డాక్టరుగారు ఏం చెప్పేరు బావా?"

"ఏం లేదు. స్కానింగు తీయించుకోమన్నారు, అంతే."

"మరి నన్ను తిట్టవేంటి?"

తిట్లకి ఏనాడూ తడుముకోని మనిషికి ఆ క్షణాన ఒక్కటీ తోచలేదు. "లే లేరా, నీ యాక్షన్లూ నువ్వూనూ," అన్నాడు చివరికి. 

శివశంకర్ బావ చెయ్యి పట్టుకున్నాడు. పట్టు జారింది. మళ్ళీ పట్టుకున్నాడు.

"అక్కకి మాత్రం ఇప్పుడే చెప్పకు బావా," అన్నాడు.